అవ్వ ఉండంగ అనాథనని రాసుకున్న ప్రెస్ నోట్

సహోదరులారా, సహోదరీలారా, మూడేండ్లు నేను కోరుట్లల ఒక్క అర్రల ఒక్కన్నే బతికిన. మొబైల్ దుకాణంల పని, పని లేని పూట గదే అర్రల పాటల రికార్డింగ్. సప్పుడు రావద్దని ఫ్యాన్ బందు జేసి, తలుపు పెట్టి, గోడలకు బొంతలు కట్టి, చెమటలు కారంగ నా పాట నేనే రాసి, నేనే పాడి, కీబోర్డు నేనే వాయించి, యూట్యూబ్‌ల నేనే పెట్టి, మళ్ల నేనే ఇనేటోన్ని. బాగుందనేటోడు లేడు, బాగలేదనేటోడు సుత లేడు.

మా అసొంటి సొంతంగ పాడుకునేటోళ్లకు వెనుక కంపెనీ ఉండది. ఉన్న ఒక్క తొవ్వ ప్రెస్ నోట్. అంటే మన గురించి మనమే, ఎవలో బయటోళ్లు రాసినట్టు రాసి, ఫోటో జోడించి విలేకరులకు వాట్సాప్‌ల పంపాలె. 'రాయికల్‌కు చెందిన వర్ధమాన గాయకుడు ప్రభాకర్ స్వయంగా రచించి ఆలపించిన పాటను విడుదల చేశారు, తన పాటను ఆదరించాలని ఆయన కోరారు' అని. గా ఆయన నేనే. పక్కన మాట్లాడ మనిషి లేకుంట కూసోని 'ఆయన కోరారు' అని రాసుకుంటుంటె ముందుగాల నవ్వొస్తుండె, అటెన్క ఏడుపొస్తుండె.

ఎన్ని నోట్లు పంపినా ఒక్కటి పేపర్ల రాలే. ఆఖరికి జగిత్యాలల ఒక విలేకరన్న, మంచోడే, దాసుకోకుంట చెప్పిండు. తమ్మీ, పాట విడుదలైతే వార్త గాదు, అసొంటియి రోజూ అస్తయి, నీ వెనుక కష్టమేందో రాయి, సదివెటోని కండ్లల నీళ్లు తిరగాలె అన్నడు. సహోదరులారా, మా నాయిన నా చిన్నప్పుడే పోయిండు, అది నిజం. నన్ను కన్న మా అవ్వ రాయికల్‌ల బీడీలు చేసి నన్ను సాదింది, అదీ నిజం. గది రాస్తె సరిపోతుండె. కాని బీడీలు చేసి పిల్లలను సాదిన తల్లులు మా దిక్కు ఇంటికొకలు ఉన్నరు, గదేం వార్త అనుకున్న. 'చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి అనాథగా పెరిగిన ప్రభాకర్' అని రాసిన. ఒక్క లైను. తెల్లారి ఫోటోతోని సహా పేపర్ల పడ్డది.

గా లైను నా పాటకన్న ముందు నడిచింది. చానలోళ్లు పిలిచిండ్రు, సిరిసిల్లల ఒక సభల శాలువ కప్పిండ్రు, మైకుల అనాథ గాయకుడని పిలిచిండ్రు. గదే స్టేజి మీద నా జేబుల ఫోన్ మోగింది, తీస్తె 'అవ్వ' అని పడ్డది, పక్కనున్నాయన సూసిండో ఏమో అని గబుక్కున జేబుల పెట్టుకున్న. కిందికి దిగంగనే గా పేరు తీసేసి 'రాయికల్' అని పెట్టుకున్న. కన్నతల్లికి ఊరి పేరు పెట్టిన. ఫోన్ ఎత్తుడు తగ్గించిన, ఇంటికి పోతె ఎవలన్న సూస్తరని క్రిస్మస్‌కు గూడ పోలే, కేకు ముక్క కొనుక్కోని అర్రల గోడ దిక్కు సూసుకుంట తిన్న. కింద కామెంట్లల 'అన్నా, నీకు మేమున్నం' అని మస్తుమంది రాసేటోళ్లు, నాకు జరమొస్తె మంచినీళ్లిచ్చేటోడు లేడు. అనాథనని అబద్ధం రాసిన, అచ్చం గట్లనే అయిపోయిన.

ఒకనాడు మా రాయికల్ పాస్టరమ్మ ఫోన్ చేసింది. బీడీలు అప్పజెప్పే కాడ ఎవలో గా పేపరు తెచ్చి మా అవ్వకు సదివి ఇనిపించిండ్రట. ఆమెకు సదువు రాదు. ఫోటో చేతుల పట్టుకోని శానసేపు సూసి, మావోని తీరుగ ఉన్నడు గాని మావోడు గాదు అని చెప్పి, తట్ట ఎత్తుకోని ఇంటికి పోయిందట. నలుగుర్ల నా ఇజ్జత్ కాపాడనీకి అన్నదో, మనసు ఇరిగి అన్నదో నాకు ఇప్పటికీ తెల్వది. అడిగే ధైర్యం లేదు.

ఫోన్ పెట్టేసి గా బొంతల నడుమ మోకాళ్లేసిన. ప్రార్థన వస్తలేదు. ఏండ్ల అలవాటుకు నోట్లకెల్లి ఏమొచ్చిందో తెలుసా, 'ప్రభువా, రాయికల్‌కు చెందిన గాయకుడు ప్రభాకర్ చేసిన తప్పును క్షమించాలని...' దేవుని ముందర గూడ ప్రెస్ నోటే సదువుతున్న. నా మీద నాకే అసహ్యమేసింది. ప్రభువును ఎరుగనని బొంకిన శిష్యుడు ఉత్త నోటితోనే బొంకిండు, నేను అచ్చేయించి మరీ బొంకిన గద. అప్పుడు మళ్ల మొదలువెట్టిన. 'ప్రభువా, నేను. నేను రాజవ్వ కొడుకును. బతికున్న మా అవ్వను సంపి పేపర్లేసిన. నాకెవలు లేరు తండ్రీ, నేనే లేకుంట చేసుకున్న.' గట్ల ఎంతసేపు ఏడ్చిన్నో. హల్లెలూయా, గా ఏడుపుల ఒక చెయ్యి నా తలమీద పెట్టినట్టే అయ్యింది, నేను ఉత్తగ చెప్తలేను.

లేచి కొత్త నోట్ రాసి, ముందు ఎవలెవలికి పంపిన్నో అందరికీ పంపిన. ఏ ఒక్కలు పేపర్ల ఏయలే. చానలోళ్లు మోసగాడని తిట్టిండ్రు, సరిగ్గనే తిట్టిండ్రు. తెల్లారి గదే కాగితం పట్టుకోని రాయికల్ బస్సెక్కిన.

మా అవ్వ వాకిట్ల చాట ఒళ్ల పెట్టుకోని బీడీలు చేస్తున్నది. నన్ను సూసింది, చేతులు ఆగలే. కూసోమనలే. నిలవడే సదివిన. 'నన్ను కన్న తల్లి రాజవ్వ బతికే ఉన్నది. బీడీలు చేసి నన్ను సాదింది. నేను అనాథనని రాసింది అబద్ధం.' ఆమె చేతులున్న కట్ట కట్టింది. అటెన్క తల ఎత్తకుంటనే, నా పేరున్న కాడ ఇంకోపారి సదువు అన్నది. సదివిన. మళ్ల సదువు అన్నది. గా కాగితం నా చెమటకు మెత్తవడేదాక సదివిన.

ఒంటరితనం మొత్తం పోయిందని చెప్తె అది గూడ అబద్ధమైతది. అవే బొంతలు, అదే అర్ర, నా పాటలు సూసేటోళ్లు మళ్ల తక్కువైండ్రు. మా అవ్వ ఇయ్యాల గీ కూటానికి నాతోని రాలే, నేను బలవంతం చెయ్యలే. కాని నా ప్రెస్ నోట్లల నేను ఉన్నది ఉన్నట్టు రాస్తున్న, ఇంకో పాటగాడు రాసియ్యమంటె వానిది గూడ గట్లనే రాసిస్తున్న. గా బుద్ధి ఇచ్చిన నా ప్రభువుకు వందనాలు.

సహోదరులారా, ఇంట్ల ఉన్న మనిషిని లేరని చెప్పుకోని బతికేటోళ్లు మీల ఎవలన్న ఉంటె, గీ కూటం కాంగనే బస్సెక్కుండ్రి. వాళ్లు తిడుతరు, మొఖం తిప్పుకుంటరు, కూసోమనరు. అయినా పోండ్రి. మీకన్న ముందు ప్రభువు గా వాకిట్లకు పోయి నిలవడి ఉంటడు, నాకు గట్లనే ఉండె. దేవునికే మహిమ.