మిగిలిన ఒక్క వరుస

గ్రంథాలయంలో సభ్యుల పట్టిక చూసుకునే ఆయనకు మాటలు తక్కువ. భార్య పోయి రెండేళ్లు. ఆవిడ ఇరవై ఏళ్లు అక్కడే ముందు బల్ల దగ్గర కూర్చుని, కంప్యూటర్‌లో ప్రతి సభ్యుడి పేరు పక్కనా ఒక ముక్క రాసిపెట్టేది. 'పెద్దక్షరాలైతేనే చదవగలరు.' 'తొందర మనిషి, కబుర్లు పెట్టొద్దు.' మధ్యాహ్నం డబ్బా విప్పుకుని, ఆ ముక్కలు చదువుకుంటూ ఆయన అన్నం తినేవాడు. ఆవిడ మాట ఇంకెక్కడా మిగల్లేదు మరి.

పట్టికలో ఆ ముక్కలున్న గడులన్నీ ఖాళీ చేయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది.

"మనుషుల గురించి అలా రాసిపెట్టుకోకూడదట బావగారూ," అంది ఇప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చునే ఆవిడ. పోయినావిడను అక్కా అని పిలిచేది కాబట్టి ఈయన బావగారయ్యాడు. "నా గురించీ రాసే ఉంటుంది అక్క. చదవకండి."

"చదివేశాను."

"అయ్యో, ఏం రాసింది?"

"నవ్వు మొదలైతే ఆగదని."

ఆవిడ నవ్వింది, ఆగలేదు.

ఆయన గుట్టుగా ఒక ట్రిగ్గర్ రాసుకున్నాడు. పట్టికలో వరుస మారగానే దానంతటదే నడిచే ఆదేశం అది. ఆ ఒక్క క్షణం పాత వరుసా కొత్త వరుసా రెండూ దానికి కనిపిస్తాయి. పాతదాన్ని వేరే పట్టికలో దాచమన్నాడు. ఒక ఉత్తుత్తి పేరు మీద పరీక్షిస్తే చక్కగా దాచింది. ఆ ధీమాతో విడిగా నకలు తీయలేదు.

మర్నాడు పొద్దున్నే, ఆరువేల గడులనూ ఒకే ఆదేశంతో ఖాళీ చేశాడు. దాచిన పట్టిక తెరిస్తే ఒక్కటే వరుస ఉంది.

కాసేపటికి గానీ బుర్రకెక్కలేదు. ఆదేశం ఒక్కటైతే ట్రిగ్గర్ నడిచేదీ ఒక్కసారే. మారిన వరుసలన్నీ దాని చేతికి ఒక్కసారే వస్తాయి. ఆయనేమో ఒక్కదాన్నే అందుకునేలా రాశాడు. ఆరువేలూ చేతిదాకా వచ్చి జారిపోయాయి.

మిగిలింది గడియారాలు బాగుచేసే పెద్దాయన వరుస. 'ఎడమ చెవి వినపడదు. కుడివైపు నుంచి మాట్లాడాలి.'

ఆ రోజు డబ్బా మూత తీయలేదు.

నాలుగు రోజులకు ఆ పెద్దాయన పుస్తకం మార్చుకోవడానికి వచ్చాడు. ఈయన తన గదిలోంచి లేచొచ్చి, చుట్టూ తిరిగి కుడివైపు నిలబడ్డాడు.

"ఏం తీసుకుంటారండీ?"

పెద్దాయన ఉలిక్కిపడి చూశాడు. "రెండేళ్లుగా అందరూ అటునుంచే అరుస్తున్నారయ్యా! ఇక్కడుండే ఆవిడ ఒక్కతే ఇటొచ్చి అడిగేది. ఏమైందని అడిగితే ఏదో చెప్పారుగానీ, సరిగ్గా వినపడలేదు. బదిలీ అయిందా?"

ఆయన ఇంకాస్త వంగి, ఆ కుడి చెవిలోనే, మెల్లగా చెప్పాడు.