మామ పెంచిన గరిక

నా చిన్నప్పుడు మా ఇంట్లో గరికకు మించిన శత్రువు లేదు. నల్లమాడ దగ్గర మాకు వాన మీద ఆధారపడిన శనక్కాయ చేను ఉండేది. నాగలి వెనకాల నడుస్తూ గరిక వేర్లు ఏరడం, గట్టున ఎండబెట్టి కాల్చడం పిల్లల పని. చేన్లో గరిక కనిపిస్తే ఆ రైతు సోమరి అని ఊరంతా తేల్చేసేది. "ఒక్క కణుపు మిగిలినా చేనంతా నాదే అంటాది" అని నాయన రోజుకు నాలుగుసార్లు అనేవాడు.

మా ఊళ్లో బడి అయిదో తరగతి దాకానే. ఆపైన చదవాలంటే కొత్తచెరువులో మేనత్త ఇంట్లో ఉండాలి. అత్తకు నేనంటే ప్రాణం. మామ మాత్రం రోడ్ల ఓవర్సీరు, నవ్వడం ఎవరూ చూడని మనిషి. పిల్ల కుదురుగా ఉంటేనే ఉంచుకుంటానని ముందే చెప్పాడట. బడి తెరవడానికి పది రోజుల ముందు నాయన నన్ను అక్కడ దింపి వెళ్లాడు.

మరునాడు పొద్దున్నే మామ పనికి, అత్త సంతకు పోయారు. ఇంటి ముందు చూద్దును గదా, జానెడు జాగా వదలకుండా ఎండిన గరిక. చదువుకున్నవాళ్ల వాకిట్లో ఇంత గరికా అని నాకే సిగ్గేసింది. మంచి పిల్ల అనిపించుకోవాలని, కలుపు తీసే తొలిక ఒకటి దొరికితే పట్టుకుని, మధ్యాహ్నానికల్లా వేళ్లతో సహా తవ్వేశాను. సాయంత్రం కాల్చుదామని గోడ నీడన కుప్ప పోశాను.

సంత నుంచి వచ్చిన అత్త నెత్తిన చేతులు పెట్టుకుని గడపలో కూలబడింది. అది మామ బెంగుళూరులో చూసి వచ్చి ముచ్చటపడి పెంచుకున్న పచ్చిక. ఎండాకాలమంతా బియ్యం కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు మోసి అత్త దాని ప్రాణం నిలిపిందట. గరికను కావాలని పెంచేవాళ్లు ఉంటారని నాకెవరు చెప్పారు? ఇక బడి లేదనుకున్నాను. గుడ్డల మూట కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను.

మామ వచ్చాడు. తవ్విన నేలను చూశాడు, నా మూటను చూశాడు. కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక వేరు విరిచాడు. లోపల ఇంకా తెల్లగా, తడిగా ఉంది.

"గరిక గురించి మీ నాయన ఏమంటాడు పాపా?"

ఏడుస్తూనే చెప్పాను.

"ఒక్క కణుపుకే చేనంతా నిండితే, ఈడ కుప్పే ఉండాది గదా. ఏడ్సేదెందుకు? ఆ మూట లోపల పెట్టి రాపో."

గుండెల మీది బండ దిగినట్టయింది. ముగ్గురం కూర్చుని వేర్లను వేలెడు ముక్కలు చేసి, పశువుల ఎరువు పొడి చేసి చల్లి, నాటాం. తొక్కీ తొక్కీ నేల గట్టిపడిందని, వానలకు ముందు ఎటూ తవ్వాల్సిందేనని మామ అన్నాడు. అది నిజమో, నన్ను ఊరడించడానికో నాకిప్పటికీ తెలియదు. కడిగిన నీళ్లు అవి చావకుండా నిలపడానికే సరిపోయేవి. బడి తెరిచినా వాన జాడ లేదు. రోజూ పుస్తకాలు చంకన పెట్టుకుని ఒంగి చూసి మరీ పోయేదాన్ని. తొలివాన పడిన నాలుగో రోజు వాకిలంతా పచ్చటి మొనలు లేచాయి. అత్తను పట్టుకుని హాయిగా ఏడ్చాను.

స్కూల్ ఫైనలు దాకా ఆ ఇంట్లోనే చదివాను. వానల్లో పచ్చిక కత్తిరించడం, ఎండల్లో తొక్కకుండా దాని మానాన వదిలేయడం మామే నేర్పాడు. ఇప్పుడు నా వాకిట్లోనూ చాపంత గరిక ఉంది. ఎండల్లో అది గోధుమరంగుకు తిరగగానే, పీకేసి బండలు పరిపించమని పిల్లలు పోరుతారు. వాన పడనీండి అంటాను. ఎవరైనా ఏదో పాడుచేసి బెదురుగా నా ముందు నిలబడితే మాత్రం, ముందు వాళ్ల మూట లోపల పెట్టి రమ్మంటాను. కుప్పలో ఏం మిగిలిందో ఆ తర్వాత చూస్తాను.