నా సైకిల్ వెనక కూర్చున్నదెవరు?

యుద్ధం రోజులవి. పైనుంచి విమానాలకు కనబడకుండా మోటారు దీపాలకు సగం నల్లరంగు పూసేవారు. ఒక మునిమాపువేళ, నా రెండో పెళ్ళికి లాడ్ బజార్‌లో గాజులు కొని, గలగలమనకుండా గడ్డిలో చుట్టి, సైకిల్ క్యారియర్‌కు కట్టుకొని బయల్దేరాను. గల్లీ మలుపులో ఒక మోటారు మీదికొచ్చి, నా చక్రానికి జానెడు దూరంలో ఆగింది.

డ్రైవర్ దిగి మండిపడ్డాడు. "ఆడమనిషిని ఎక్కించుకొని బెల్ గిట్ల కొట్టకుండ వస్తవా భాయ్? ఆమె చెయ్యెత్తకుంటే గుద్దేటోన్ని!"

"ఏ ఆడమనిషి? నేనొక్కన్నే ఉన్న గద!"

"నీ వెనక కూసున్నామె. చేతినిండ పచ్చగాజులు..." అంటూనే అతను మోటారు తలుపు దాకా జరిగిపోయాడు.

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. గడ్డిలోని గాజులు మాత్రం ఒక్కసారి గలగలమన్నాయి.

ముత్తయిదువగా పోయిన నా మొదటి భార్యను చేతినిండా పచ్చగాజులు తొడిగే సాగనంపాం.

ఇప్పటికీ ప్రతి మలుపులోనూ బెల్ కొడతాను. వెనక్కి మాత్రం చూడను.