ముసుగు వెనక మేనమామ

ఆ రోజుల్లో, అంటే ఫిలిం రీళ్ళు ఇంకా పూర్తిగా పోకముందే కంప్యూటర్లు మా ఫొటో స్టూడియోల్లోకి దూరుతున్న కాలంలో, జగ్గయ్యపేట మొత్తానికి లేయర్ మాస్క్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. (మొత్తానికి అంటే మా వీధి వరకు. మా వీధిలో స్టూడియో నాదొక్కటే.) నలభై దాటాక మౌసు పట్టినా, ఉత్సాహం మాత్రం కొత్త సైకిలెక్కిన కుర్రాడిది. బెజవాడలో డిజైనింగ్ నేర్చుకున్న మా తమ్ముడు ఒక ఆదివారం వచ్చి, "అన్నయ్యా, నువ్వు రబ్బరుతో చెరిపేస్తున్నావ్, అది పోతే పోయినట్టే. బొమ్మకి మాస్క్ తగిలించు. దాని మీద నలుపు పూస్తే బొమ్మ దాక్కుంటది, తెలుపు పూస్తే మళ్ళీ బయటికొస్తది. బొమ్మ మాత్రం ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. (ముట్టా. ఎడంచేత్తో మౌసు పట్టుకునే తిన్నా.) మా ఆవిడ ఫొటో పెట్టుకుని ఆవిణ్ణి మాయం చేయడం, రప్పించడం, మళ్ళీ మాయం చేయడం. "ఇంకోసారి మాయం చేశారంటే సాయంత్రం కాఫీ కూడా మాయమవుద్ది" అందావిడ.

సరిగ్గా అప్పుడే ఒక పెళ్ళి ఆల్బం నా చేతికొచ్చింది. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చిన నందిగామ మేనమామ, భోజనాల్లో మొదటి బంతికి తనని ఎవరూ పిలవలేదని అలిగి, గ్రూపు ఫొటోకి రాకుండానే వెళ్ళిపోయాడు. ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "అంకుల్, ఈ ఆల్బం మా అత్తగారింటికి వెళ్ళాలి. మావయ్య లేకుండా నేను తీసుకెళ్ళను, ఎలాగైనా పెట్టండి" అని కళ్ళు తుడుచుకుంది. "ఎలాగైనా ఏంటమ్మా, ఇట్టే పెడతా" అన్నా. పొద్దున తీసిన ఇంకో ఫొటోలోంచి ఆయన్ని తెచ్చి, ఆ పిల్ల పక్కన నిలబెట్టి, మాస్క్ మీద నలుపు పూసి ఆయన వెనకున్న అరటి చెట్లని దాచేశా. మీసంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా దిద్దా. (మీసం మొత్తానికి బ్రష్షు ఒక్కసారే తిప్పా.)

ఆ కబురు నందిగామకి ఎవరు మోశారో గాని (నేనే, టీకొట్టు దగ్గర గొప్పలు పోయి), మర్నాడే ఆయన బస్సు దిగి సరాసరి స్టూడియోకొచ్చాడు. "ఏమయ్యా, నేను నిలబడని ఫొటోలో నన్ను నిలబెట్టడానికి నువ్వెవడివి? తియ్యి. నా కళ్ళముందే తియ్యి!"

"అమ్మాయి అడిగిందండీ..."

"వాళ్ళ నాన్న అడిగాడా?"

నలుపు తీసుకుని ఆయన మీద పూయబోయా. కంగారులో బ్రష్షు ఎంత ముదురుగా ఉండాలో చూసుకోలేదు. ఆయన పలచబడి, పొట్టలోంచి వెనక పందిరి కనబడసాగింది. "బతికుండగానే ఆవిరి చేస్తున్నావేంటయ్యా!" అని కేకేశాడు. ఇంకా పూశా. పూర్తిగా పోయాడు.

పోయాక చూస్తే ఆ పిల్ల పక్కన మనిషి పట్టేంత ఖాళీ. ఆయన్ని పెట్టేటప్పుడు చోటు దొరికిందని సంబరపడ్డానే గాని, అదెందుకుందో నేను ఆలోచించలా. ఖాళీకి అటుపక్క ఆయన బావ, అంటే పెళ్ళికూతురి తండ్రి, ఎవరినీ జరగనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, కెమెరా మానేసి గేటు వైపు చూస్తున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. "దగ్గరగా జరగండి" అని నేను ఎంత అరిచినా, "కాస్త ఆగండి, మా బావమరిది వస్తాడు" అన్నాడు ఆ మనిషి. అదే చెప్పా.

మేనమామ కుర్చీ లాక్కుని కంప్యూటర్ తెర ముందు కూర్చున్నాడు. తర్వాత నా ఫోను దగ్గరికి జరుపుకుని నంబరు నొక్కాడు. "బావా, నేనే. పేటలోనే ఉన్నా... ఊఁ... ఊఁ... సర్లే, ఏం కూర?"

ఫోను పెట్టి, "నన్ను మళ్ళీ పెట్టు. కాస్త నవ్వుతున్నట్టు పెట్టగలవా?" అన్నాడు.

"నవ్వు ఇందులో రాదండీ, మీరే నవ్వాలి" అని లైట్లు వేసి, కొత్త ఫొటో తీసి, దాన్నే అతికించా.

ఖాళీ చూపిస్తే ఆయన కరుగుతాడని ముందే లెక్కేసి ఆ పని చేశానని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్తూ వస్తున్నా. ఉత్తదే. కొడతాడేమోనని భయపడి పూశానంతే. ఇప్పుడు ఫోను మీద వేలు పెడితే మనుషులు మాయమవుతున్నారట, మా మనవరాలు చూపించింది. బానే ఉంది. కానీ ఆ మధ్యాహ్నం నీలం తెర ముందు చెమటలు కక్కుతూ, ప్రపంచాన్ని తానే కలుపుతున్నంత సంబరంగా మౌసు తిప్పిన ఆ నలభై దాటిన కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం, పిచ్చోడు, భలే ఉండేవాడనిపిస్తుంది.