నహీను మామయ్య చెయ్యి దాచిన రోజు

మా నహీను మామయ్య కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉంటాయి. మధ్య మూడింటినీ కుర్రతనంలో చెరకు మిల్లు రోలర్లు నమిలేశాయి. ఇప్పుడు మా ఓహూ దీవిలో ప్రతివాడూ మూడు వేళ్లు మడిచి ఆ రెండే ఊపుతాడు. పలకరింపూ అదే, థాంక్సూ అదే, కంగారు పడకు అనడమూ అదే. అది ఎవరి చేతి నుంచి పుట్టిందో ఊరికో కథ. మా ఊళ్లో మాత్రం వేళ్లు పోయిన మిల్లు కూలీ నుంచే అంటారు. ఆ చెయ్యి తనదేనని మామయ్య ఏనాడూ గొప్పలు పోలేదు.

మామయ్య పని కొండమీంచి చేపల గుంపును కనిపెట్టడం. ఆయన చెయ్యెత్తాకే పడవలు కదులుతాయి, వల పడుతుంది. వల లాగిన ప్రతివాడికీ వాటా ఉంటుంది.

ఆ ఏడు హోటల్‌వాళ్లు తమ అతిథులకు మా వలలాగుడు చూపిస్తామన్నారు. మేనేజర్ ప్రెస్కాట్ కుర్రాళ్లను వరసగా నిలబెట్టి, ఫొటో కోసం మూడు వేళ్లు మడవమన్నాడు. మామయ్యను చూసి మొహం చిట్లించాడు.

"పెద్దాయనా, ఆ చెయ్యి జేబులో పెట్టుకోండి. చూసేవాళ్లకి బాగోదు."

నాకు ఒళ్లు మండింది. వేళ్లున్నవాళ్లు లేనట్టు నటిస్తే ముద్దట, నిజంగా లేనివాడు దాక్కోవాలట!

మామయ్య "అలాగే బాబూ" అని కొండెక్కాడు.

కాసేపటికి నీళ్లలో నల్లటి మరక కదిలింది. అకూలే చేపల గుంపు. మామయ్య చెయ్యి జేబులోనే ఉంది.

"ఓయ్ ముసలోడా, నిద్రపోయావా?" మిలియామా అత్తయ్య కేకేసింది. "ఊరంతా ఏం తినాలి?"

"చెయ్యి దాచమన్నాడే ఆ దొర! దాచా!" మామయ్య కొండమీంచి అరిచాడు.

అత్తయ్య ప్రెస్కాట్‌ని ఎగాదిగా చూసి ఇసకలో చతికిలబడింది. "అయితే ఇవాళ పస్తే. ఎత్తకు!"

వెళ్లి వల వేయమని ప్రెస్కాట్ పడవలవాళ్ల మీద అరిచాడు.

"అక్కడ చెయ్యి లేవందే ఇక్కడ తెడ్డు లేవదు సార్," అన్నాడు పడవలోంచి కవికా, చేతులు చంకల్లో పెట్టుకుని.

మరక సముద్రంలోకి జారుతోంది. అతిథులు గొణుగుతున్నారు. ప్రెస్కాట్ టోపీ తీసి కొండవైపు పరుగెత్తాడు.

"ఎత్తండి పెద్దాయనా, ఎత్తండి!"

"ఫొటోలో?"

"ఫొటోలో కూడా!"

మామయ్య చెయ్యి లేచింది. పడవలు దూకాయి. అప్పటికే సగం చేపలు జారిపోయాయి. అందరికీ తలో పిడికెడే దక్కింది, అయినా ఒక్కరూ సణగలేదు. మామయ్య తడి ఇసకలో వరస మధ్యకు వచ్చి చెయ్యెత్తి నిలబడ్డాడు.

"గట్టిగా మడవండ్రా," అన్నాడు కుర్రాళ్లతో. "నాకు మడిచే బాధ లేదు."