పన్నెండు ప్రశ్నల్లో గెలిచిన పీట

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, లెక్క తేలితే నిజం తేలినట్టే అనిపించేది నాకు. వయసు ఇరవై మూడు, చదివింది స్టాటిస్టిక్స్, ఉద్యోగం అమలాపురంలో ఒక ఆస్పత్రిలో. మోకాళ్ళ నొప్పికి కొత్తగా తయారుచేసిన ఒక నూనె పనిచేస్తుందో లేదో అక్కడ పరీక్షిస్తున్నారు. సగం మందికి మందు కలిపిన నూనె, సగం మందికి అదే రంగూ అదే వాసనా ఉన్న ఉత్త నూనె. ఎవరికేది ఇచ్చిందీ చివరిదాకా ఎవరికీ తెలియదు. మూడు నెలలయ్యాక అందరినీ పన్నెండు ప్రశ్నలడిగి జవాబులు లెక్కకట్టడం నా పని. నూనె గెలిచిందా లేదా అన్నది నొప్పిని బట్టే తేల్చాలనీ, మిగతా పదకొండూ ఊరికే తెలుసుకోవడానికేననీ పరీక్ష మొదలవకముందే కాగితం మీద రాసిపెట్టారు. (ఆ కాగితం నేను చదవలేదు. కాగితాలు చదివి పనిచేసేవాళ్ళంటే అప్పట్లో నాకు చిన్నచూపు.)

ప్రశ్నలడగడమూ అంత తేలిక కాలేదు. మావాళ్ళ మర్యాద అలాంటిది. కొత్తపేట నుంచి వచ్చిన ఒక తాతగారిని "నిద్ర బాగా పడుతోందా అండీ?" అంటే "ఆయ్" అన్నారు. "మధ్యలో మెలకువ వచ్చేస్తోందా అండీ?" అంటే దానికీ "ఆయ్" అన్నారు. రెండిట్లో ఏదని నిలదీస్తే, "తమరికి ఏది రాసుకోడానికి వీలైతే అదే రాసుకోండి బాబూ, మనలో మనకేవుందండీ" అన్నారు.

తీరా లెక్కకడితే నొప్పిలో రెండు నూనెలకీ తేడా లేదు. వాపు, నిద్ర, నడక, మెట్లెక్కడం, దేంట్లోనూ లేదు. మొదటి ఉద్యోగం ఇంత చప్పగా ముగుస్తుందా అని ఏడుపొచ్చింది. పదకొండో ప్రశ్న దగ్గర మాత్రం కంప్యూటర్ కనికరించింది. పీట మీంచి సాయం లేకుండా లేవగలుగుతున్నారా? మందు నూనెవాళ్ళు లేస్తున్నారు! నేనూ కుర్చీలోంచి లేచాను. మా లెక్కల మేడమ్‌గారు కాకినాడ నుంచి శనివారం గాని రారు, ఆరోజు గురువారం. ఆగే ఓపిక లేక, మిగిలిన సీసా ఒకటి (ఎవరినీ అడక్కుండా) సంచిలో వేసుకుని రాజోలు బస్సెక్కాను. అక్కడ మా దొడ్డమ్మ ఉండేది, మా అమ్మకి అక్క. కత్తిపీట ముందు కూర్చుంటే ఆవిణ్ణి లేపడానికి ఇద్దరు కావాలి. నెలల తరబడి ఎదురుచూశాక, మోకాలి ఆపరేషన్‌కి సోమవారం రమ్మని పెద్దాస్పత్రి నుంచి అప్పుడే కబురొచ్చింది. "కోత ఎందుకు దొడ్డమ్మా! ఇది రాసుకుంటే పీట మీంచి ఇట్టే లేస్తావు. నేనే లెక్కకట్టాను" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. నేనుండగానే గోడ పక్కకెళ్ళి, "మావోడు కంప్యూటర్లో చూసి చెప్పేడండీ, ఇంక ఆపరేషన్ అక్కర్లేదంట" అని పక్కింటావిడకి చెప్పేసింది.

శనివారం మేడమ్‌గారు నా కాగితాలు చూసి, "ఏది చూసి తేలుస్తామని ముందు రాసుకున్నాం బాబూ?" అన్నారు. "నొప్పి అండీ" అన్నాను, అప్పటికప్పుడు ఆ కాగితం తిరగేసి. "నొప్పి తగ్గిందా?" "లేదండీ." "మరి పీట ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" నేను పదకొండో ప్రశ్న కాగితం ముందుకి జరిపాను. "పన్నెండు పరీక్షలు పెడితే ఏదో ఒకటి ఊరికే కూడా గెలుస్తుంది బాబూ. అన్నిట్లోనూ గెలుపు వెతుకుతానంటే ఒక్కోదానికీ గీత చాలా ఎత్తులో పెట్టాలి" అని, తనే ఆ గీత సరిచేసి చూపించారు. పీట ఓడిపోయింది.

సోమవారానికి మధ్యలో ఒక ఆదివారం ఉంది. బస్సులున్నాయి, జేబులో ఫోనుంది. కానీ వెలిగిన ఆ మొహానికి నా లెక్క తప్పని చెప్పడం నాకు నామోషీ అయింది. దొడ్డమ్మ సోమవారం ఆస్పత్రికి వెళ్ళలేదు. నేను రెండు నెలలకి వెళ్ళి నిజం చెబితే, కుర్రతనంలో పందెం కోళ్ళు పెంచిన మా పెదనాన్న అంతా విని, "అంటే పన్నెండు పుంజుల్ని బరిలో వదిలి, గెలిచింది నాదే అన్నావన్నమాట" అన్నారు. నేను నెలల తరబడి నేర్చుకోలేనిది ఆయనకి నిమిషంలో అర్థమైంది. మళ్ళీ దొడ్డమ్మ వంతు వచ్చేసరికి గుండె బలహీనపడిందని, మత్తు ఇవ్వడం కుదరదని డాక్టర్లు చెప్పేశారు. ఆ మోకాళ్ళు ఇక అంతే. ఆ ఆదివారం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇప్పుడు ఇలాంటి పరీక్షలకి ఏది చూడాలో ముందే రాసిపెట్టడమే నా వృత్తి. నా దగ్గర పనిచేసే పిల్లలు నాది చాదస్తమంటారు, అననిస్తాను. పోయినేడు రాజోలు వెళ్ళినప్పుడు మనసాగక అడిగేశాను: "దొడ్డమ్మా, ఆ సోమవారం నా మూలానే కదూ వెళ్ళలేదు?" కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆవిడ తలెత్తలేదు. "నీ మొహం! కోతంటే భయంతో చచ్చేదాన్ని. వద్దనేవోడు ఒక్కడైనా దొరుకుతాడేమోనని ఇంటికొచ్చినోళ్ళందర్నీ అడిగేను. అందరూ వెళ్ళమనే చెప్పేరు. నువ్వొక్కడివే వద్దన్నావు" అంది.

అది నిజమో, నా మనసు తేలికపరచడానికి అన్నదో నాకు తెలియదు. ఇరవై మూడేళ్ళప్పటి నేనైతే ఇంకో పదకొండు రకాలుగా అడిగి ఆవిణ్ణి చంపేవాణ్ణి. వాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. ఒక్కసారే అడిగి, వచ్చిన జవాబుతోనే బస్సెక్కేశాను.