చైనా వరదలు, అక్క బియ్యం

ఆ వానాకాలమంతా హుస్సేనీ ఆలంలోని మా ఇంటి వరండాలో చైనా మునుగుతూనే ఉంది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన నా మిత్రుడు రోజూ సాయంత్రం చాయ్‌కి వచ్చేవాడు. కుర్చీలో సరిగా కూర్చోకముందే టీవీలో చూసిన చైనా వరదల గురించి మొదలుపెట్టేవాడు.

"అన్నా, ఇయ్యాల ఇంకో జిల్లా పోయింది. తిననీకి తిండి లేదంట. ఇగ మనతోని ఏం కొట్లాడుతరు?"

ఆకలితో ఉన్నవాళ్ల గురించి చెబుతూనే సమోసా విరిచి చట్నీ కోసం వెతికేవాడు. నీళ్లలో ఉన్నది రైతులయ్యా, సరిహద్దు మీద ఉన్నది సైనికులు అని ఎన్నిసార్లు చెప్పానో. "నువ్వు వాళ్ల దిక్కు మాట్లాడుతున్నవే" అనేవాడు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. ఆ నెల పేజీల్లో వాన, కూరగాయల ధరలు, ఇతని లొల్లి తప్ప మరొకటి లేదు.

అక్కడితో ఆగితే నా చెవులకే నష్టం. కానీ ఒక ఆదివారం మా అక్క వచ్చినప్పుడు అతనూ ఉన్నాడు. అక్కది గౌలిపుర, మురుగునీటి నాలా పక్కన కింది గదులు. బావ పోయాక ఒంటరిగా ఉంటోంది. తన వంట తనే వండుకుంటుంది, నా ఇంట్లో కూడా ఒక్క చాయ్ మాత్రమే తాగి లేస్తుంది. అలాంటి మనిషి ముందు ఇతను, "అక్కా, చైనోళ్లు మన బియ్యం మొత్తం కొనుక్కపోతరు. దసరా కల్లా దుకాణంల గింజ దొరకది, చూస్కో" అన్నాడు.

మా ఇళ్లలో ఏడాది బియ్యం ఎండాకాలంలోనే కొంటారు. డాబా మీద ఆరబోసి, వేపాకు కలిపి, డ్రమ్ములో పోస్తారు. వానల్లో కొన్న బియ్యానికి చెమ్మ తగిలి పురుగు పడుతుందని నాకు చెప్పింది అక్కే. ఆ అక్కే వారం తిరక్కముందు వచ్చే ఏడాది బియ్యం కూడా తెప్పించుకుంది. డ్రమ్ములో పాతవి ఇంకా ఉన్నాయి కనుక బస్తాలను నేల మీదే పేర్చింది.

చూడగానే నాకు ఒళ్లు మండింది. "ఇటుకలు పెట్టి పైన పలకలెయ్యి. లేకుంటే మంచం మీదికి ఎక్కించు" అన్నాను.

"మంచం మీద బియ్యం పంటే నేనేడ పండాలె తమ్మీ? రేపు చూద్దాం తియ్."

నేను ఎత్తుదామంటే నా నడుము ఒప్పుకోదు. కూలీని పిలుస్తానంటే ఆమె ఒప్పుకోదు. రోజూ పొద్దున ఫోన్ చేసి అడిగేవాణ్ణి. రోజూ అదే రేపు.

ఒక రోజు వాన ఆగకుండా కురిసి నాలా పొంగింది. అక్క పైఅంతస్తు వాళ్ల దగ్గరికి వెళ్లి తప్పించుకుంది. నీళ్లు తీసిన మర్నాడు మిత్రుడి స్కూటర్ మీద ఇద్దరం వెళ్లాం. గది నిండా బురద. బస్తాలు ఉబ్బి కుట్లు విడిపోయాయి. నాలా వాసన.

"కడిగి ఎండేస్తే మంచిగైతయి" అంది అక్క.

"మోరీ నీళ్లక్కా అవి. తిని దవాఖానలో పడతావా?"

"అయితే బర్రెలకన్నా ఏస్త."

పక్కింటి పాలాయనను పిలిచాం. పిడికెడు తీసి వాసన చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అక్క మంచం అంచున కూర్చుండిపోయింది. నా మిత్రుడి వైపు తిరిగింది.

"నువ్వు రోజూ చూస్తవు గదా. ఆడ గిట్ల తడిసిన బియ్యం ఏం జేస్తుండ్రు?"

"టీవీల గది చూపియ్యలే అక్కా."

"మరి నెల దినాల సంది ఏం జూసినవయ్యా?"

అతను చొక్కా విప్పి స్కూటర్ మీద పడేసి, బస్తాలు ఒక్కొక్కటే భుజానికెత్తుకుని చెత్త బండి దాకా మోశాడు. వీపు మీద బురద నీళ్లు కారుతున్నాయి. ఆ వయసులో అవి మోయకూడదు. వద్దంటే వినలేదు.

డ్రమ్ము మూత బిగుతుగా ఉండడంతో పాత బియ్యం పాడవలేదు. అక్క మంచం మీద స్టవ్వు పెట్టి, వాటితోనే అన్నం వండి, మామిడికాయ తొక్కు వేసి మా ఇద్దరికీ పెట్టింది. నీకు ఏడాదికి మిగిలింది అవే, మాకెందుకక్కా అంటే, నా ఇంటికొచ్చి తినకుండ పోతరా అని కసిరింది. రెండోసారి వడ్డిస్తుంటే నా మిత్రుడు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అక్క ఆ చెయ్యి పక్కకు తోసి వడ్డించింది.